కెరీర్ కౌన్సెలర్ ఉద్యోగమా, అడ్మిషన్ల ఉద్యోగమా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి డిగ్రీ ఫైనలియర్ అమ్మాయి అడిగింది: సైకాలజీ చదువుతున్నాను, కెరీర్ కౌన్సెలర్ అవ్వాలని ఉంది, అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు వెంటనే చేరమంటున్నారు, నాన్న కూడా సరే అంటున్నారు, చేరొచ్చా అని.

చేరే ముందు జీతం దేని మీద లెక్కకడతారో అడగమ్మా. ఎంతమందిని కాలేజీల్లో చేర్పిస్తే అంత ఇన్సెంటివ్ అన్నారంటే, బోర్డు మీద ఏం రాసున్నా అది సేల్స్ ఉద్యోగమే. నా మొదటి ఉద్యోగం అలాంటిదే. నెలాఖరు టార్గెట్ కోసం, లెక్కలంటే వణికిపోయే అబ్బాయికి బీటెక్ సీటు అంటగట్టాను. సెకండియర్‌లో మానేశాడని తర్వాత తెలిసింది. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

అసలు పని ఎలా ఉంటుందంటే, మొన్న ఎంపీసీ పూర్తయిన కుర్రాడొకడు అమ్మానాన్నలతో వచ్చాడు. ఏం అడిగినా నాన్నే జవాబు, పిల్లాడేమో ఎప్‌సెట్ ర్యాంక్ కార్డు మడతపెట్టి నలుపుతూ కూర్చున్నాడు. పెద్దవాళ్లని కాసేపు బయట కూర్చోమని, సాయంత్రాలు ఏం చేస్తుంటావురా అంటే, మావయ్య కిరాణా కొట్టు లెక్కలన్నీ, జీఎస్టీతో సహా, తనే చూస్తానని మొదలుపెట్టి అరగంట ఆపలేదు. ఎంపీసీ చదివినా బీకాంలో చేరొచ్చని, సీఏ ఫౌండేషన్ రాయొచ్చని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. జాన్ హాలండ్ అనే సైకాలజిస్ట్ చెప్పిన ఆరు రకాల ఆసక్తుల టెస్టులు మేమూ వాడతాం, కానీ అవి మాట కలపడానికే, రిపోర్టు చూసి తీర్పు చెప్పేయడానికి కాదు.

ఇక చదువు. ఈ బోర్డు పెట్టుకోవడానికి లైసెన్స్ అడిగేవాళ్లు లేరు కాబట్టే మీ చదువు గట్టిగా ఉండాలి. పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ రాసి ఉస్మానియాలో ఎమ్మే సైకాలజీ రెగ్యులర్‌గా చేయండి. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో కట్టేద్దాం అనుకుంటే కుదరదు, 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ చెప్పింది. గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్‌లో ఎన్‌సీఈఆర్‌టీ డిప్లొమా ఒకటుంది, మనకు దగ్గరి కేంద్రం మైసూరు, దాని సంగతి పీజీ అయ్యాక చూద్దాం. స్కూళ్లు, కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లు తీసుకుంటాయి గానీ మొదటి జీతం ఐటీలో చేరిన మీ ఫ్రెండ్స్ జీతంలా ఉంటుందనుకోకండి, ఆ మాట నాన్నగారికి ఇప్పుడే చెప్పేయండి.

ఆయనకి ఇంకా అనుమానముంటే ఆ ఆఫర్ లెటర్ పట్టుకుని ఇద్దరూ రండి, ఇన్సెంటివ్ అన్న లైన్ ఎక్కడుందో కలిసి చదువుదాం.