షుగర్ ఉన్న నాన్నని మహానంది కోనేటి స్నానానికి తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది దిల్‌సుఖ్‌నగర్. పిల్లల పరీక్షలు అయిపోయాక ఏప్రిల్‌లో ఒక వీకెండ్ నంద్యాల వెళ్దామనుకుంటున్నాం. శనివారం తెల్లవారుజామున కార్లో బయల్దేరి పదకొండింటికల్లా మహానంది, ఊట నీళ్లలో స్నానం, దర్శనం అయ్యాకే భోజనం, తర్వాత నవనందులు (ఆ చుట్టుపక్కల ఉన్న తొమ్మిది శివాలయాలు), ఆదివారం యాగంటి చూసుకుని రిటర్న్. మా నాన్నకి 64 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ బిళ్లలు వాడతారు. ఈ మధ్య అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు, కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలీట్లేదు అంటున్నారు. నవనందులు చెప్పుల్లేకుండా నడుస్తానని మొక్కుకున్నారు. ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే తిమ్మిర్లు తగ్గుతాయని ఎవరో చెప్పారట. తీసుకెళ్లొచ్చా?

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండి. షుగర్ ఉందని పెద్దవాళ్లని ఇంట్లో వదిలేసి మనం తిరిగి రావడం నాకు నచ్చదు. కానీ మీరు రాసిన ప్లాన్ ఉన్నదున్నట్టు అయితే వద్దు, దాన్ని కొంచెం మార్చాలి, ఎందుకో చెప్తాను.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట, చెప్పు జారిపోయినా తెలీట్లేదు అన్నది. చాలా ఏళ్లు షుగర్ ఉంటే నరాలు దెబ్బతింటాయి, అన్నిటికంటే పొడుగు నరాలు పాదాలకి వెళ్లేవే కాబట్టి అక్కడే మొదలవుతుంది. ముందు మంటలు, తిమ్మిర్లు, తర్వాత మొద్దుబారడం. కొంతమంది మంటలు తగ్గాయి అని సంతోషపడతారు, నిజానికి అప్పటికి స్పర్శే పోయి ఉంటుంది. అలాంటి కాలితో ఏప్రిల్‌లో నంద్యాల ఎండలో, ఆంధ్రాలో బాగా మండిపోయే ఊళ్లలో అదొకటి, గుడి ప్రాంగణంలో చెప్పుల్లేకుండా నిలబడితే ఏమవుతుందో ఆలోచించండి. మధ్యాహ్నం ఎండకి రాతి బండలు 50 డిగ్రీలు దాటిపోతాయి, మీరూ నేనూ అయితే రెండడుగులు వేసి నీడలోకి పరిగెడతాం, మీ నాన్నగారికి ఆ వేడి తెలీదు, ప్రశాంతంగా క్యూలో నిలబడతారు, రాత్రి రూమ్‌కి వచ్చి చూసుకుంటే అరికాలంతా బొబ్బలు. ఇలా తీర్థయాత్రలకి వెళ్లొచ్చి నా దగ్గరికి వచ్చే పేషెంట్లు ప్రతి ఎండాకాలం ఉంటారు, బొబ్బ పుండవుతుంది, పుండు ఎముక దాకా వెళ్తుంది, కొందరికి వేలు తీసేయాల్సి వస్తుంది. భయపెట్టడానికి కాదు, ఇది పూర్తిగా ఆపగలిగిన ప్రమాదం కాబట్టి ఇంత చెప్తున్నాను.

అందుకే శనివారం ఎండలో మహానంది వద్దు. ఇంట్లో టిఫిన్ తినే బయల్దేరండి, కర్నూలు మీదుగా నంద్యాల చేరండి, దారిలో రెండు గంటలకోసారి కారు ఆపి నాన్నగారిని కొంచెం నడిపించండి. మధ్యాహ్నం రూమ్‌లో పడుకోనివ్వండి. నవనందులు కొన్ని నంద్యాల ఊళ్లోనే ఉన్నాయి, మిగతావి మహానంది వైపు పల్లెల్లో, సాయంత్రం ఎండ దిగాక కార్లో వెళ్లి వీలైనన్ని చూడండి, ప్రతి గుడి గుమ్మం దాకా చెప్పులతోనే. ఆదివారం తెల్లారకముందే లేచి మహానంది, ఆ టైమ్‌కి బండలు చల్లగా ఉంటాయి. యాగంటి ఈసారికి మానేయండి, ఎండెక్కాక అక్కడి రాతి మెట్లు మీ నాన్నగారికి మంచివి కావు, కార్తీకంలో వెళ్లండి, అప్పటికి వాతావరణం కూడా బాగుంటుంది. మొక్కు సంగతి ఆయనతో మెల్లగా మాట్లాడండి. గుడి లోపల మందపాటి తెల్ల కాటన్ సాక్స్ వేసుకోనిస్తారేమో అడిగి చూడండి, తెల్లవి ఎందుకంటే ఎక్కడైనా రక్తం మరక పడితే వెంటనే కనపడుతుంది. ట్రిప్ కోసమని కొత్త చెప్పులు మాత్రం కొనకండి, ఒరుసుకుంటాయి.

ఇక నీళ్లు. మహానందిది మామూలు మంచినీటి ఊట, నల్లమలలో ఇంకిన వాన నీరే భూమి లోపల నుంచి పైకొస్తుంది. లోపలి నీటి వేడి ఏడాదంతా పెద్దగా మారదు, అందుకే చలికాలం పొద్దున గోరువెచ్చగా, ఎండాకాలం చల్లగా తగులుతుంది. స్నానం చేస్తే హాయిగా ఉంటుంది, భక్తి ఉన్నవాళ్లకి మనసుకి చాలా బలం, నేను కాదనను. కానీ నరాల తిమ్మిర్లు ఏ ఊట నీళ్లతోనూ తగ్గవు. పైగా కాళ్లు నీళ్లలో పెట్టుకుని గంటసేపు కూర్చోవడం షుగర్ ఉన్నవాళ్లకి చెడు చేస్తుంది, చర్మం నాని మెత్తబడి చిట్లుతుంది, అక్కడ నుంచి ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. ఐదారు నిమిషాల్లో మునిగి లేచి వచ్చేయాలి, మెట్ల మీద పాచి ఉంటుంది కాబట్టి ఒకరు చెయ్యి పట్టుకోవాలి. బయటికి రాగానే పొడి టవల్‌తో వేళ్ల సందులు ఒక్కొక్కటీ అద్ది తుడవండి, అరికాళ్లకి మాయిశ్చరైజర్ రాయండి, వేళ్ల మధ్య మాత్రం రాయొద్దు. బయల్దేరే ముందు రోజు పాదాల కింద చూడండి, చిన్న పగులు, గాయం ఏది కనపడినా నీళ్లలోకి దిగొద్దు, తల మీద చల్లుకుంటే చాలు. వేరే చోట్ల వేడినీళ్ల ఊటలు ఉంటాయి, స్పర్శ తెలియని కాలు వాటిలో ఎప్పుడూ పెట్టకూడదు.

నాకు అంతకంటే భయమేసిన లైన్ దర్శనం అయ్యాకే భోజనం అన్నది. గ్లిమెపిరైడ్ తినకపోయినా షుగర్‌ని కిందికి లాగుతూనే ఉంటుంది. బిళ్ల వేసుకుని ఖాళీ కడుపుతో క్యూలో నిలబడితే చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడటం మొదలవుతాయి, చుట్టూ ఉన్నవాళ్లు ఎండ దెబ్బ అనుకుంటారు. కాబట్టి ఆయన తినే వెళ్లాలి, దేవుడు ఏమీ అనుకోడు. ఉపవాసమే అని పట్టుబడితే ఆ పూట గ్లిమెపిరైడ్ ఏం చేయాలో మీ డాక్టర్‌ని ముందే అడగండి. జేబులో పంచదార, మీ బ్యాగ్‌లో షుగర్ మిషన్ ఉండాలి. 70 కంటే తక్కువ చూపిస్తే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకి మళ్లీ చూడండి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వండి. చాక్లెట్ ఇవ్వొద్దు, అందులో కొవ్వు వల్ల చక్కెర లేటుగా ఎక్కుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

వెళ్లే లోపు ఒక పని చేయండి, ఆయన పాదాలు డాక్టర్‌కి చూపించండి. సన్నటి నైలాన్ దారం అరికాలికి ఆనించి స్పర్శ ఎంత ఉందో చూస్తారు, నొప్పి ఉండదు, కొద్ది నిమిషాల పనే. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రక్త పరీక్షతో పాటు విటమిన్ బీ12 పరీక్ష కూడా చేయించండి, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బీ12 తగ్గి తిమ్మిర్లు వస్తాయి, అదే కారణమైతే మందుతో బాగా మెరుగవుతుంది.

తిరిగొచ్చాక వారం పాటు రోజూ రాత్రి మీరే ఆయన పాదాలు లైటు వెలుగులో చూడండి, ఆయన్ని చూసుకోమంటే బాగానే ఉన్నాయి అంటారు. బొబ్బ కనపడితే పగలగొట్టొద్దు, పసుపు, కాఫీ పొడి, టూత్‌పేస్ట్ ఏవీ పూయొద్దు, శుభ్రమైన కట్టు గుడ్డ కప్పి అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.