జనరేటర్ పొగకూ అనుమతి కావాలా?

ప్రశ్న: వరంగల్ ఏనుమాముల మార్కెట్ సమీపంలో మాకు చిన్న కారం మిల్లు ఉంది. సీజనులో కరెంటు పోయినా పని ఆగకుండా 62.5 కేవీఏ డీజిల్ జనరేటరును సెకండ్ హ్యాండులో కొనాలనుకుంటున్నాను. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పెద్ద ఫ్యాక్టరీలకే గాని మనకు అక్కర్లేదని అమ్మేవారు చెబుతున్నారు. నిజమేనా? పొగ గొట్టం ఎంత ఎత్తు ఉండాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అమ్మేవారి మాట మీద అడ్వాన్సు ఇవ్వకండి. 1981 నాటి వాయు కాలుష్య చట్టం 21వ సెక్షన్ కింద రాష్ట్ర మండలి సమ్మతి తీసుకోవాలన్న నియమం చిన్న యూనిట్లకూ వర్తిస్తుంది. కేంద్ర మండలి 2016లో ప్రకటించిన వర్గీకరణలో 15 కేవీఏ నుంచి 1 ఎంవీఏ (అంటే 1000 కేవీఏ) వరకు గల డీజిల్ జనరేటర్లను ఆకుపచ్చ వర్గంలో, అంటే కాలుష్యం తక్కువగా ఉండే వాటిలో చేర్చారు. తక్కువ అన్నారే తప్ప లేదనలేదు. మిల్లుకు తీసుకునే సీఎఫ్ఈ (స్థాపించడానికి సమ్మతి), సీఎఫ్ఓ (నడపడానికి సమ్మతి) దరఖాస్తుల్లోనే జనరేటరు సామర్థ్యాన్ని, గొట్టం ఎత్తును చూపించండి. సమ్మతి ఇప్పటికే ఉంటే అందులో ఈ జనరేటరును చేర్పించుకోవాలి.

పాత జనరేటరు కొనేటప్పుడు ముందుగా చూడవలసింది ఇంజను మీద తయారీ వివరాలుండే ప్లేటు. 800 కిలోవాట్ల లోపు కొత్త జనరేటర్ల ఉద్గార పరిమితులను 2014 జులైలో ఒకసారి, 2023 జులై 1 నుంచి మరోసారి కఠినం చేశారు కనుక, తయారీ తేదీని బట్టి పొగలో చాలా తేడా ఉంటుంది. ప్లేటు ఊడిపోయిన యంత్రం ఎంత చవకగా వచ్చినా నేనైతే వద్దనే అంటాను.

గొట్టం ఎత్తుకు లెక్క ఉంది: కేవీఏ వర్గమూలాన్ని 0.2తో గుణించగా వచ్చిన మీటర్లను జనరేటరు ఉన్న భవనం ఎత్తుకు కలపాలి. 62.5కు వర్గమూలం సుమారు 7.9, గుణిస్తే దాదాపు 1.6 మీటర్లు, మీ షెడ్డు 6 మీటర్లుంటే గొట్టం కొస నేల నుంచి కనీసం 7.6 మీటర్లలో ఉండాలి. అయితే ఈ లెక్క మీ షెడ్డును చూస్తుంది గాని పక్కింటి మేడను చూడదు. లెక్క సరిపోయినా పొగ వారి కిటికీలోకి పోతుంటే అది న్యాయం కాదు, ఎందుకంటే డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లోనే నిర్ధారించింది. అందుచేత పక్క మేడను కూడా దాటేలా గొట్టాన్ని పెంచండి. దాని మీద వాన పడకుండా గొడుగులాంటి మూత పెడితే పొగ కిందికి మళ్లుతుంది, దానికి బదులు పొగ వేగానికి తనంతట తెరుచుకునే రేకు పెట్టించండి.

శబ్దం విషయానికొస్తే, 2005 జనవరి 1 తరువాత తయారైన 1000 కేవీఏ లోపు జనరేటర్లకు వాటిని మూసి ఉంచే పెట్టె నుంచి ఒక మీటరు దూరంలో శబ్దం 75 డెసిబెల్స్ మించరాదు.

చివరగా, మీ మోటార్ల లోడు ఎంతో ఎలక్ట్రీషియన్‌తో లెక్క కట్టించిన తరువాతే సామర్థ్యం నిర్ణయించుకోండి. పెద్ద ఇంజనును చాలా తక్కువ లోడు మీద గంటల తరబడి నడిపితే డీజిల్ పూర్తిగా మండక గొట్టంలో మసి, జిడ్డు పేరుకుని నల్లపొగ వస్తుంది.