ఖాళీ కాగితం కూడా తూచు

విజయనగరం

అమ్మడూ,

పలాసలో జీడిగింజలు కాల్చే బట్టీల దగ్గర మేడ మీద యంత్రం పెట్టి గాలిలోని నుసి పట్టావట. ఇక ఫిల్టర్ల నుంచి దాన్ని విడదీస్తావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఇంట్లో మరొకరు ఈ పనిలోకి వచ్చారని పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

పట్టకారుతో అంచునే పట్టుకో. తూచే ముందు ఒక రోజంతా ఒకే వేడి, ఒకే తేమలో ఉంచు. ఇవి మీ మేడం చెప్పే ఉంటారు.

నా తప్పు విను. మీ తాతయ్య పనిచేసిన గోగునార మిల్లు వెనక వీధిలో రాత్రుళ్లు మేలుకుని గాలి పట్టాను. అప్పట్లో మావి గాజునార ఫిల్టర్లు. ముక్కలు కోసి నీళ్లలో వేసి, సోనికేటర్ (శబ్ద తరంగాలతో నీళ్లను కుదిపి దుమ్ము విడదీసే యంత్రం) నడిపించి భోజనానికి పోయాను. తిరిగొచ్చేసరికి నీళ్లు గోరువెచ్చగా, పాలలా ఉన్నాయి. ముక్కల మీద ఉన్న దుమ్ము 40 మిల్లీగ్రాములు. ఆరబెడితే గిన్నెలో 52 తేలింది! మొదటి తూకమే తప్పనుకున్నాను, చూడు నా తెలివి. మైక్రోస్కోపులో పోగులు కనిపించగానే మీ తాతయ్య దగ్గుకు కారణం దొరికిందని కళ్లు చెమర్చాయి.

మా మాస్టారు ఆ పోగులను దీపం మంటలో పెట్టారు. గోగునార అయితే భగ్గున కాలాలి. ఇవి కాలలేదు, ముద్దకట్టాయి. అవి నా ఫిల్టరు నుంచే ఊడిన గాజు పోగులు. "ఖాళీ ఫిల్టరును కూడా ఇలాగే నడిపావా?" అన్నారు. లేదు. సగం ముక్కలు దాచానా? అదీ లేదు. నెల రాత్రులు కాలువలో పోశాను. ఆ గాలి మళ్లీ వస్తుందా?

నువ్వూ జీడిగింజలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూసి వచ్చావు. ఏం దొరకాలో మనసులో ముందే అనుకుని ఉంటావు. నా భయమంతా అదే.

నీవి 47 మిల్లీమీటర్ల టెఫ్లాన్ బిళ్లలట. రోజంతా లాగినా 24 ఘనమీటర్ల గాలే. సన్న ధూళికి మన దేశపు రోజువారీ పరిమితి ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములు. గాలి సరిగ్గా ఆ హద్దులో ఉంటే బిళ్ల మీద చేరేది ఒకటిన్నర మిల్లీగ్రాముకు లోపే. ఒక్క తుమ్ముతో పోతుంది, తల్లీ. టెఫ్లాన్ నీళ్లలో తడవదు, తేలిపోతుంది. ముందు రెండు చుక్కల మెథనాల్ వెయ్యి. జీడి పొగ జిడ్డుది, వట్టి నీళ్లకు పూర్తిగా వదలదు. మెథనాల్ వాడినప్పుడు దగ్గర మంట ఉండకూడదు, కిటికీ తెరిచి పెట్టు. మాస్టారి దీపం సంగతి విని నువ్వూ అగ్గిపుల్ల గీస్తావేమో, జాగ్రత్త! సోనికేటరులో మంచుముక్కలు వేసి, పది నిమిషాలకోసారి ఆపు. పక్కనే కూర్చో. ప్రతి విడతకూ ఒక ఖాళీ బిళ్ల. సగం బిళ్ల చలిపెట్టెలో దాచు, మేడం వద్దన్నా సరే.

మేడ మీదికి మాస్కు లేకుండా వెళ్తున్నావని కూడా తెలిసింది. మీ తాతయ్య కూడా తుండుగుడ్డ చాలుననేవారు.

సిరిమాను పండగకు వచ్చేటప్పుడు ఖాళీ బిళ్లల తూకాలు రాసిన పుస్తకం పట్టుకురా. జుట్టు నిండా జీడి పొగ వాసనతో వస్తే మీ పెద్దమ్మ గుమ్మంలోనే ఆపేస్తుంది.

మీ పెదనాన్న