కొరియన్ గడ్డికి నాచు మందు: ఎండకు ముందా, ఎండాకా?

ప్రశ్న: ఎకరం ఎర్ర చల్కలో కార్పెట్ గడ్డి పెంచి అమ్ముతున్నాను. సగం కొరియన్, సగం బెర్ముడా. ఏప్రిల్ వచ్చేసరికి బోరు గంటన్నర కూడా పోయదు. సముద్రపు నాచు మందు కొడితే సగం నీళ్లతో గట్టెక్కొచ్చని షాపులో అంటున్నారు. నిజమేనా? ఎప్పుడు కొట్టాలి?
– ఒక రైతు, మొయినాబాద్ మండలం, రంగారెడ్డి జిల్లా

జవాబు: సగం నీళ్ల మాట నమ్మకండి. నాచు ద్రావణమైనా, దానితో పాటు అమ్మే హ్యూమిక్ ఆమ్లమైనా (కుళ్లిన సేంద్రియ పదార్థం నుంచి వచ్చే నల్లటి మందు) నీళ్లకు బదులు రాదు. అలాగని పనికిరానివీ కావు. అమెరికాలో వర్జీనియా టెక్ శాస్త్రవేత్తలు చలిదేశపు లాన్ గడ్డి రకాల మీద ఈ రెంటినీ వాడి చూస్తే బెట్టను కొంత మెరుగ్గా తట్టుకున్నాయి. మన రకాలు వేరు కాబట్టి అంతే ఫలితం వస్తుందని చెప్పను.

నేల ఎండితే వేరు కొనల్లో తయారై ఆకును లేతగా ఉంచే సైటోకైనిన్ అనే హార్మోన్ తగ్గి ఆకు త్వరగా ముదురుతుంది. పైనుంచి ఎండ మాత్రం ఆగదు. ఆకు వాడుకోలేని ఆ వెలుతురే లోపల చురుకైన ఆక్సిజన్‌ను పుట్టించి పచ్చదనాన్ని పాడు చేస్తుంది. దాన్ని అణిచే ఎంజైములు గడ్డిలో ముందే పెరిగి ఉండాలి. ఈ మందులు సాయపడేది అక్కడే. అందుకే ఎండాక కొడితే డబ్బు దండగ.

ఫిబ్రవరి చివర్లో, బోరు బాగా పోస్తున్నప్పుడే మొదలుపెట్టండి. నాచు ద్రావణం లీటరు నీటికి 2–3 మి.లీ. చొప్పున (డబ్బా మీద వేరే మోతాదు ఉంటే అదే) సాయంత్రం పూట, రెండు వారాలకోసారి మూడుసార్లు పిచికారీ చేయండి. హ్యూమిక్ కూడా కలపాలనుకుంటే ముందు మీ బోరు నీళ్లు గాజు సీసాలో పట్టి, కాస్త మందు కలిపి అరగంట పక్కన పెట్టండి. అడుగున నల్లటి పలుకులు దిగితే నీళ్లలో సున్నం ఎక్కువని అర్థం. ఆ నీళ్లతో కొడితే నాజిల్ మూసుకుపోతుంది. కాల్షియం ఎరువులతో కూడా హ్యూమిక్‌ను కలపొద్దు.

డబ్బులు తక్కువైతే ముందు కొరియన్‌కే కొట్టండి. బెర్ముడా మన వినాయకచవితి గరిక చుట్టమే కదా, ఎండి గోధుమ రంగుకు తిరిగినా తడి తగిలితే మళ్లీ చిగురిస్తుంది. ఒక మడికి మాత్రం ఏమీ కొట్టకుండా వదిలేయండి. మందు పనిచేసిందో లేదో ఆ మడే చెబుతుంది, షాపువాళ్లు కాదు.

అసలు మీరు రోజూ పైపైన తడుపుతున్నారేమో చూసుకోండి. కత్తితో జానెడు లోతు ముక్క కోసి ఎత్తండి. వేళ్లన్నీ పైన రెండంగుళాల్లోనే అల్లుకుని ఉంటే ఏ మందూ కాపాడదు. ఇప్పటి నుంచే తడికీ తడికీ ఎడం పెంచి, పెట్టినప్పుడు లోతుగా పెట్టండి. మడిలో నడిచాక అడుగు జాడలు లేవకుండా అలాగే ఉండిపోతే, గడ్డి నీలి బూడిద రంగుకు తిరిగితే, అప్పుడు తడి ఇవ్వాలి. మార్చి నుంచి గడ్డి కత్తిరించే మిషన్ బ్లేడు ఎత్తు పెంచండి. గడ్డి పచ్చబడాలని బెట్టలో యూరియా చల్లొద్దు, లేత ఆకు వచ్చి ఇంకా నీళ్లడుగుతుంది.

ఒక సంగతి కొన్నవాళ్లకు చెప్పి పంపండి. అమ్మడానికి గడ్డిని చాపలా కోసినప్పుడు మీరు పెంచిన వేరులో చాలా భాగం మీ మడిలోనే ఉండిపోతుంది. మందు కొట్టిన గడ్డే కదా అని పరిచాక నీళ్లు తగ్గిస్తే మేలో వారం తిరక్కుండానే ఎండుతుంది. మొదటి రెండు వారాలు వాళ్లు రోజూ తడపాల్సిందే.