రోబో దిగకముందే కాగితం తీయి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ లైన్లో లోడింగుకీ వెల్డింగుకీ రోబోలు పెడుతున్నారనీ, ఎంతమంది మిగులుతారో ఎవరూ నోరు విప్పడం లేదనీ రాశావు. ముందే చెప్తున్నా, మనుషులు తగ్గుతారు. మీటింగులో ‘ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదు’ అన్నారని నిశ్చింతగా కూర్చోకు. అమెరికాలో 1990 నుంచి 2007 దాకా లెక్కలు తీసిన ఆసెమోగ్లు, రెస్ట్రెపో అనే ఆర్థికవేత్తలు తేల్చిందేమిటంటే, వెయ్యిమంది కార్మికులకు ఒక రోబో చొప్పున పెరిగితే జనాభాలో ఉద్యోగం ఉన్నవాళ్ళ వాటా 0.2 శాతం పాయింట్లు, జీతాలు 0.42 శాతం తగ్గాయని. జర్మనీలో ఇలాంటి లెక్కే తీస్తే ఇంకో రకంగా వచ్చింది. ఫ్యాక్టరీల్లో పోస్టులు తగ్గాయి, ఆ మేరకు సేవారంగంలో పెరిగాయి. దెబ్బ ఎక్కువగా తగిలింది కొత్తగా చేరాలనుకున్న కుర్రాళ్ళకి. అప్పటికే లోపల ఉన్నవాళ్ళు చాలామంది అదే కంపెనీలో వేరే పనికి మారి నిలబడ్డారు. నువ్వు లోపల ఉన్నావు, కాబట్టి నీకు కావలసింది ఈ రెండో సంగతి. మారే ఆ పని ఏదో రోబో బిగించాక వెతుక్కుంటే దొరకదు, అప్పటికే దానికి మనిషిని పెట్టేసి ఉంటారు.

ఈ వారమే ఒక నోటుబుక్కు తీసి, ఒక పూర్తి షిఫ్టులో నీ చేతులు చేసే ప్రతి పనీ విడివిడిగా రాయి. ‘మెషిన్ ఆపరేటింగ్’ అని ఒక్క ముక్కలో తేలిస్తే దండగ. ట్రేలోంచి ముక్క తీయడం, ఫిక్చర్లో (ముక్కని కదలకుండా పట్టి ఉంచే చట్రం) కూర్చోబెట్టడం, క్లాంపు బిగించడం, గుడ్డతో నూనె తుడవడం, ఇలా రాయాలి. పక్కన మూడు గడులు పెట్టు: ఎన్ని సెకన్లు, షిఫ్టుకు ఎన్నిసార్లు, ముక్క ప్రతిసారీ ఒకే చోట ఒకే తీరులో దొరుకుతుందా లేదా. జాబ్ కార్డులో లేని పనులు మరిచిపోకు. సరిగా కూర్చోని ముక్కని చెక్కసుత్తితో తట్టడం, బర్ర్ (అంచున మిగిలిన పదునైన లోహపు పెచ్చు) ఉన్నదాన్ని వేలితో తడిమి పక్కన పడేయడం, మోటారు శబ్దం మారితే మెయింటెనెన్సుకి చెప్పడం, ఒకదానికొకటి చిక్కుకున్న ముక్కల్ని విడదీయడం. ఇవి ఎవరి లెక్కలోనూ ఉండవు గనకే ప్రాజెక్టు వాళ్ళ ప్లానులోనూ ఉండవు.

అసలు తేల్చేది మూడో గడి. ‘అవును’ అనీ, వందల సార్లు అనీ ఉన్న పని రోబోది, దానికోసం కొట్లాడకు. మొట్టమొదటి పారిశ్రామిక రోబో యూనిమేట్ 1961లో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో చేసింది కూడా అదే: కరిగిన లోహాన్ని అచ్చుపోసే డై కాస్టింగ్ మెషిన్లోంచి కాలిపోతున్న ముక్కని ఒకే చోటి నుంచి తీయడం. ‘లేదు’ అనీ, షిఫ్టుకు పది పదిహేను సార్లు అనీ ఉన్నవి మనిషివి. మధ్యలో ఉన్నవాటి దగ్గర జాగ్రత్త. రోబోకు తెలివి పెంచడం కన్నా ముక్కని వరసలో పేర్చిపెట్టడం చౌక. అందుకే ఇంజినీర్లు ముందు ట్రే మారుస్తారు, ముక్కల్ని వరసగా అందించే ఫీడరు పెడతారు, అవసరమైతే ముక్క డిజైనే మార్పిస్తారు. ఇవాళ ‘లేదు’ అని ఉన్నది ట్రే మారగానే ‘అవును’ అయిపోతుంది. మెత్తగా, వంగిపోయేలా ఉండే వస్తువులు మాత్రం ఇంకా మొండికేస్తాయి. టెస్లా కంపెనీ మోడల్ 3 కారు బ్యాటరీల మీద ఫైబర్‌గ్లాస్ దుప్పటి ముక్కలు పరచడానికి రోబోని పెట్టి, అది సరిగ్గా పట్టుకోలేక, చివరికి తీసేసింది. 2018లో ఆ కంపెనీ అధిపతి ఎలాన్ మస్కే ఆటోమేషన్ మితిమీరిందని ఒప్పుకున్నాడు. అలాగని తీగలు, రబ్బరు, గుడ్డ పని చేసేవాళ్ళంతా నిశ్చింతగా ఉండొచ్చని కాదు. కెమెరాలు ఏటేటా మెరుగవుతున్నాయి.

వెల్డింగు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, నీ చేతిలో ఉన్న పని గనక. రోబో వెళ్ళిన చోటికే మళ్ళీ వెళ్ళడంలో దిట్ట, మిల్లీమీటరులో పదో వంతు కూడా తప్పదు. కానీ జాయింటు అక్కడ లేకపోతే గాలిలోనే వెల్డు వేసుకుంటూ పోతుంది. షాపుల్లో వాడే లెక్క ఒకటుంది: జాయింటు తన చోటు నుంచి వెల్డింగు వైరు మందంలో సగానికి మించి జరగకూడదు. 1.2 మిల్లీమీటర్ల వైరయితే 0.6. మీ ప్రెస్ షాపు నుంచి వచ్చే రేకుల్లో గ్యాపు ఒక్కోసారి మిల్లీమీటరు ఉంటుంది, నువ్వు చెయ్యి కాస్త ఆడించి పూడ్చేస్తావు. ఆ ఆడించడం రోబో దానంతట అది చేయదు. అంచేత రోబో పెట్టాక వెల్డరు పని పోతుంది కానీ, వెల్డింగు తెలిసినవాడి పని ఫిక్చరు దగ్గరికి, గ్యాపు కొలిచే ఫీలర్ గేజి దగ్గరికి జరుగుతుంది. వైరు బయటికొచ్చే కాంటాక్ట్ టిప్ రంధ్రం అరిగి పెద్దదైతే వైరు పక్కకి వాలుతుంది, వెల్డు మొత్తం ఒక పక్కకి జరుగుతుంది. తెలియనివాడు వెంటనే పెండెంట్ (రోబోని చేత్తో నడిపే రిమోట్ లాంటి పెట్టె) పట్టుకుని, రోబో వెళ్ళే పాయింట్లన్నీ మార్చేస్తాడు. రెండోరోజు కొత్త టిప్ వేయగానే వెల్డు ఇంకోపక్కకి పోతుంది. ముందు టిప్ మార్చు, వైరు చివర తెలిసిన సూది మొనకి తాకించి చూడు, తేడా ఉంటేనే ప్రోగ్రాం ముట్టుకో. ఇది పట్టుకోవడానికి వెల్డు చూసిన కన్నే కావాలి.

ఇప్పుడు మనిషి ఎందుకు అవసరమో చిన్న లెక్క. రోబో, ముక్కని పట్టుకునే గ్రిప్పరు, ఫీడరు, కన్వేయరు, కెమెరా, ఐదూ ఒకదాని వెనక ఒకటి ఆధారపడి ఉన్నాయనుకో. ఒక్కొక్కటి నూటికి 98 వంతుల సమయం బాగానే పనిచేసినా, ఐదూ కలిసి పనిచేసేది 90 వంతులే. ఎనిమిది గంటల షిఫ్టులో దాదాపు 46 నిమిషాలు ఏదో ఒకటి ఆగి ఉంటుంది. అది ఒకేసారి రాదు, రెండు నిమిషాలూ మూడు నిమిషాలూగా వస్తుంది. ప్రతిసారీ మెయింటెనెన్సు వాణ్ణి పిలిస్తే అతను రావడానికే పది నిమిషాలు. ఆ చిన్న ఆగుళ్ళని అక్కడికక్కడే తీసే మనిషి కావాలి. నువ్వు పట్టుకోవలసిన కుర్చీ అదే.

సెల్ (రోబో, దాని చుట్టూ ఉన్న ఈ సామగ్రి అంతా కలిపి) ఆగినప్పుడు చేయవలసింది వరసలో చెప్తాను. రీసెట్ బటన్ మీద చెయ్యి వేయకముందు స్క్రీను మీది అలారం నంబరు, సమయం రాసుకో. రీసెట్ చేశాక అది పోతుంది, లేదా వంద లైన్ల కింద వెతుక్కోవాలి. తర్వాత గ్రిప్పర్లో ముక్క ఉందా, ఫిక్చర్లో ఉందా, రెండుచోట్లా ఉందా చూడు. గాలి ఆగిపోతే గ్రిప్పరు వదిలేస్తుందని గుర్తుపెట్టుకుని కింద చెయ్యి పెట్టకు. మాన్యువల్ మోడ్‌లోకి మార్చి, వేగం 10 శాతానికి దించి, టూల్ దిశలోనే తిన్నగా వెనక్కి లాగు. ఫిక్చర్లో సగం దూరి ఉన్నప్పుడు ‘హోమ్’ నొక్కితే అది అడ్డదారిన పోయి పిన్నులు విరగ్గొడుతుంది. మణికట్టు తిన్నగా సాగి ఉన్నప్పుడు సరళరేఖలో జరపబోతే నాలుగో, ఆరో కీళ్ళు గిర్రున తిరగబోయి అలారం కొడతాయి. అప్పుడు కీళ్ళని ఒక్కొక్కటిగా కదిపి ఆ భంగిమలోంచి బయటికి తీసుకురా.

ఇంతదాకా అందరూ నేర్చుకుంటారు. తర్వాతిదే తప్పేది. నువ్వు ముక్కని చేత్తో తీసేశావు, లేదా పెట్టేశావు, కానీ సెల్‌ని నడిపే కంప్యూటరు పీఎల్‌సీకి ఆ సంగతి తెలియదు. దాని లెక్కలో ఫిక్చరు నిండే ఉంది, లేదా ఖాళీగానే ఉంది. ఆటోలో వేయగానే ఉన్న ముక్క మీద ఇంకో ముక్క పెట్టేస్తుంది. గ్రిప్పరు వంగేది సాధారణంగా మొదటిసారి ఆగినప్పుడు కాదు, ఇలా మళ్ళీ మొదలెట్టినప్పుడే. కాబట్టి స్క్రీను మీద ఏ స్టేషన్లో ముక్క ఉందని చూపిస్తోందో, కంటికి కనిపించేదానితో పోల్చి సరిచేసి, మొదటి సైకిల్ నెమ్మదిగా తిప్పు. ఈ ఒక్క పేజీ నువ్వే రాసి, ఫోటోలు పెట్టి, సెల్ గేటుకి తగిలించు. కింద నీ పేరు, తేదీ వేయి.

పెండెంట్ దొరికినప్పుడు ఏం నేర్చుకోవాలంటావేమో. కోడ్ రాయడం ఆఖరున. ముందు జాగింగు (బటన్లతో రోబోని కొద్దికొద్దిగా కదపడం), బేస్ ఫ్రేమ్‌కీ టూల్ ఫ్రేమ్‌కీ (దిశలు రోబో పీఠం నుంచి కొలవడానికీ, చేతి చివర నుంచి కొలవడానికీ) తేడా, ఒక పాయింటుని సరిదిద్దడం, పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీయడం. ఏ మార్పు చేసినా ముందొక బ్యాకప్, తేదీతో సహా. బరువు లెక్క కూడా నోటికి రావాలి. 10 కిలోల రోబో అంటే ముక్క 10 కిలోలని కాదు, 4 కిలోల గ్రిప్పరు పోను ముక్కకి మిగిలేది 6. బరువు మణికట్టుకి దూరంగా వేలాడితే అదీ తగ్గుతుంది. వాక్యూమ్ కప్పుల్లోనూ అంతే. 40 మిల్లీమీటర్ల కప్పుకి 60 కిలోపాస్కల్ వాక్యూమ్ ఉంటే లెక్క ప్రకారం 75 న్యూటన్ల పట్టు, అంటే ఏడున్నర కిలోల పైచిలుకు వస్తుంది. పడుకోబెట్టి ఎత్తేటప్పుడు అందులో సగం, నిలువుగా పట్టుకున్నప్పుడు నాలుగో వంతే నమ్మాలి. కప్పు అంచు చిట్లినా, రేకు మీద నూనె ఉన్నా అదీ దక్కదు. ‘రోబో ముక్కలు పడేస్తోంది’ అని వచ్చే ఫిర్యాదుల్లో ముందు చూడవలసింది కప్పు, గాలి ఫిల్టరు. ప్రోగ్రాం తర్వాత. ఇంకొకటి, చాలా రోబోల్లో కీళ్ళ స్థానం కొలిచే ఎన్‌కోడర్లకి బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే రోబో తన చేతులు ఎక్కడున్నాయో మరిచిపోతుంది, అన్ని కీళ్ళకీ మళ్ళీ సున్నా పెట్టాలి. ఏ మోడల్‌కి కరెంటు ఉండగా మార్చాలో, ఆపి మార్చాలో మాన్యువల్లో ఉంటుంది. ఊహించి చేయకు.

భద్రత విషయంలో మాత్రం ఎవరి తొందరా వినకు. 1979 జనవరి 25న మిషిగన్‌లోని ఫోర్డ్ కాస్టింగ్ ప్లాంటులో ఒక కార్మికుడు విడిభాగాలు తీయడానికి అరల మధ్యకి ఎక్కితే, రోబో చెయ్యి వెనక నుంచి తగిలి అక్కడికక్కడే చనిపోయాడు. ఆగి ఉన్న రోబో చాలాసార్లు ఆగి ఉండదు, సిగ్నల్ కోసం చూస్తూ ఉంటుంది. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కడం లాకౌట్ (కరెంటు ఆపి తాళం వేయడం) కాదు. లోపలికి వెళ్ళాలంటే కరెంటు ఆపే మెయిన్ ఐసొలేటరుకి నీ తాళం, తాళంచెవి నీ జేబులో, గాలి బయటికి వదిలేసి. కదపడానికే లోపలికి వెళ్ళాల్సి వస్తే సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటనివ్వని మోడ్‌లో, పెండెంట్ నీ చేతిలోనే. పెండెంట్ మీది మూడు స్థానాల స్విచ్చి మధ్యలో పట్టుకుంటేనే కదులుతుంది, వదిలినా గట్టిగా నొక్కినా ఆగుతుంది. దానికి టేపు చుట్టినవాడు కనిపిస్తే ఆ సెల్‌లోకి అడుగు పెట్టకు. మనుషుల పక్కనే పనిచేసేలా చేసిన కోబోట్ అంటే కంచె అక్కర్లేదని అమ్మేవాళ్ళు చెప్తారు. చెయ్యి మెత్తనిదే, చివర పట్టుకున్న రేకు అంచు మెత్తనిది కాదు.

చిట్కాలు దాచుకుంటే నీ అవసరం ఉంటుందని ఎవరైనా చెవిలో ఊదితే వినకు. ప్రాజెక్టు వాళ్ళు నీ చిట్కా లేకుండానే సెల్ బిగిస్తారు, అది తరచూ ఆగుతుంది, నింద ఆపరేటర్ల మీదికి వస్తుంది. నోటుబుక్కులోని జాబితాని శుభ్రంగా రాసి సూపర్‌వైజరుకీ ప్రాజెక్టు ఇంజినీరుకీ తేదీ వేసి ఇవ్వు. అదే కాగితంతో నాలుగు సంగతులు అడుగు, జవాబు రాతలో కావాలని చెప్పు. రోబో సెల్‌ని తయారుచేసిన చోట, పంపేముందు జరిగే పరీక్షకి షాపు నుంచి ఎవరు వెళ్తున్నారు? శిక్షణ రోబో వచ్చాక రెండు గంటల డెమోనా, లేక అప్పగించేలోపు రోజుల తరబడి పెండెంట్ చేతికిచ్చి నేర్పేదా? సెల్ చూసేవాడి హోదా పేరేమిటి, జీతం ఏ గ్రేడు? ఒక్కడు ఎన్ని సెల్లులు చూడాలి? ఈ ఆఖరి ప్రశ్నకే ఎక్కువ తడబడతారు. పైన చెప్పిన 46 నిమిషాల లెక్క వేస్తే మూడు సెల్లులకి రెండు గంటల పైచిలుకు ఆగుళ్ళు. ఒక మనిషికి సరిపోవచ్చు. ఆరు సెల్లులు ఒకడికి అప్పగిస్తే రెండు మూడు ఒకేసారి ఆగుతాయి, అప్పుడు ఆ లెక్క కాగితం నీ దగ్గర ఉండాలి. యూనియన్ ఉంటే ఈ ప్రశ్నలు వాళ్ళ ద్వారా పోవడం ఇంకా మేలు. ఒక్కడివే అడిగితే నీ ఒక్కడికే మాట ఇచ్చి సరిపెడతారు.

ఎప్పుడు బయటికి చూడాలో కూడా చెప్పాలి. శిక్షణకి షాపు నుంచి ఎవరినీ పంపకుండా, సెల్ నిర్వహణ మొత్తం బయటి కాంట్రాక్టుకి ఇస్తున్నారని తెలిస్తే ఆగకు. అలాగే పెండెంట్‌కి పాస్‌వర్డ్ పెట్టి, పాయింటు సరిదిద్దే హక్కు కూడా ఆపరేటరుకి ఇవ్వకపోతే, అక్కడ మిగిలేది ట్రేలు నింపే పని ఒక్కటే. దానికి త్వరలోనే ఫీడరు వస్తుంది. అప్పుడు వెల్డింగు తెలిసినవాడివిగా రిపేరు షాపులు, పైపు లైన్ల పనులు, సైట్ ఫ్యాబ్రికేషన్ చూడు. ఒకే రకం ముక్క రెండోసారి రాని చోట రోబో బిగించడానికి పట్టే సమయమే గిట్టదు.

జాబితాలో మూడో గడి నింపేటప్పుడు రాత్రి షిఫ్టు వాళ్ళనీ అడుగు. పగలు బాగా వచ్చే ముక్కలు రాత్రి వేరే ప్రెస్ నుంచి వస్తుంటాయి. అక్కడ ‘లేదు’లు ఎక్కువ ఉంటాయి.

ఇట్లు,
మీ మావయ్య