వాసంతికి, ఓసీడీ కథ గురించి

అమ్మా వాసంతీ,

నీ కథ చదివాను. సరళకు ఓసీడీ (వద్దన్నా వచ్చే తలపులు, వాటి భయం తగ్గించుకోవడానికి పదేపదే చేసే పనులు) అన్నావు. కానీ కథంతా ఆమె కూతురి ఎంసెట్ ర్యాంకు, ఇంటి ఈఎంఐ, అత్తగారి బీపీ గురించి బెంగపడుతూనే ఉంది. అవి జనరలైజ్డ్ యాంగ్జైటీ (రోజువారీ విషయాలన్నిటి మీదా ఆగని బెంగ ఉండే జబ్బు) బెంగలు. భయం ఈ రెండు జబ్బులవాళ్లకీ ఉంటుంది. ఆ భయం వచ్చాక మనిషి ఏం చేస్తుందో రాయి, తేడా అక్కడ తెలుస్తుంది.

గ్యాస్ పొయ్యినే తీసుకో. యాంగ్జైటీ ఉన్నామె బస్సెక్కాక ఇంటికి ఫోన్ చేస్తుంది. "కట్టేసే ఉంది" అనగానే మనసు ఇంకో బెంగ మీదికి పోతుంది. ఓసీడీ ఉన్నామె రెగ్యులేటర్ ఆఫ్‌లో ఉండటం కళ్లారా చూసినా నమ్మలేదు. తాళం వేస్తుంది, తీస్తుంది, మళ్లీ చూస్తుంది. చూసినప్పుడల్లా కాసేపు ఊరట. ఆ ఊరటకు అలవాటుపడ్డకొద్దీ అనుమానం ముదురుతుంది.

చేతులు కడగడం దగ్గరే ఆగిపోకు. ఓసీడీలో పసిబిడ్డ తల్లికి "బిడ్డను కత్తితో పొడిచేస్తానేమో" అనే తలపు రావచ్చు. అది ఆమె మనసుకు పూర్తిగా విరుద్ధం, అందుకే అంత హడలిపోతుంది. కత్తులు దాచేస్తుంది, లోలోపలే స్తోత్రం చదువుకుంటుంది, ఒక్క అక్షరం తడబడితే మొదటికొస్తుంది. పక్కవాళ్లకు ఏమీ కనబడదు. ఆమెను హంతకురాలిలా మాత్రం చిత్రించకు. అలాంటి తలపులతో నలిగే తల్లి నీ కథ చదివితే ఇక ఎవరికీ చెప్పుకోదు.

2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 (మానసిక జబ్బులను గుర్తించడానికి సైకియాట్రిస్టులు వాడే అమెరికా పుస్తకం) ఓసీడీని యాంగ్జైటీ జబ్బుల నుంచి విడదీసి వేరే అధ్యాయంలో పెట్టింది. ఆ తలపులకూ పనులకూ రోజుకు గంటకు పైగా పోవడమో, బతుకు పనులు దెబ్బతినడమో ఓసీడీకి గుర్తు. జనరలైజ్డ్ యాంగ్జైటీలో కనీసం 6 నెలలు, ఎక్కువ రోజులు, అదుపులేని బెంగ ఉంటుంది. దాంతోపాటు అలసట, నిద్రలేమి, కండరాల బిగువు లాంటివి. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు. అంతమాత్రాన ఒకటి ముదిరితే రెండోది అవుతుందని రాయకు.

నీ కథలో మాత్రలు వేసుకున్న నాలుగో రోజుకే సరళ తేరుకుంది. ఎస్ఎస్ఆర్ఐ మందులు (డిప్రెషన్‌కు కూడా వాడే ఒక రకం మాత్రలు) రెండు జబ్బులకూ ఇస్తారు కానీ ఓసీడీకి తరచుగా మోతాదు ఎక్కువ కావాలి, ఫలితం తేలడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. థెరపీలో భయపడే పనిని మెట్టుమెట్టుగా చేయిస్తూ, సరిచూసుకోకుండా ఆపుకోవడం నేర్పుతారు.

అసలు కథ సరళ భర్త దగ్గరుంది. ఆమె అడిగిన ప్రతిసారీ ప్రేమగా "ఏం కాదులే" అంటున్నాడు. ఆ మాట కూడా జబ్బులో భాగమైపోయింది. అతను మొదటిసారి ఆ మాట ఆపుకున్న రాత్రి రాయి, తొందరపడకుండా రెండు పేజీలు. థెరపీ సీను ఒక సైకియాట్రిస్టుకు చూపించాకే పత్రికకు పంపు.