టైప్ 1 డయాబెటిస్ మీద పరిశోధన చేయాలంటే మెడిసిన్ చదివి తీరాలా?

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాదిలో ఉన్నాను. మా తమ్ముడికి టైప్ 1 డయాబెటిస్. రోగనిరోధక వ్యవస్థ ప్యాంక్రియాస్ కణాల్లో దేన్ని చూసి దాడికి దిగుతుందో కనిపెట్టే పరిశోధన చేయాలని ఉంది. మెడిసిన్ సీటు రాలేదు. ఇక ఆశ వదులుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. ఈ పని ఎక్కువగా ల్యాబ్‌లో జరిగేది, దానికి డాక్టర్ డిగ్రీ తప్పనిసరి కాదు. అయితే మీరు జబ్బు పేరు చూసి కోర్సు వెతుకుతున్నట్టున్నారు. ముందు ఏ పద్ధతిలో నైపుణ్యం సంపాదించాలో తేల్చుకోండి.

ఎందుకో చెప్తాను. ఈ జబ్బులో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను టీ కణాలు (రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణాలు) చంపేస్తాయి. టీ కణం ప్రోటీన్ మొత్తాన్ని చూడదు. కణాల ఉపరితలం మీద ఉండే హెచ్ఎల్ఏ అనే అణువు పట్టుకుని చూపించే చిన్న ప్రోటీన్ ముక్కనే (పెప్టైడ్) గుర్తుపడుతుంది. ఆ ముక్క ఏ ప్రోటీన్‌దో పట్టుకోవడమే అసలు కష్టం. రోగుల రక్తంలోని యాంటీబాడీలు అంటుకునే ఒక ప్రోటీన్ 1982లో దొరికింది. అది జీఏడీ అనే ఎంజైమ్ అని తేలింది 1990లో. 2007లో జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8 అనే ఇంకో ప్రోటీన్ బయటపడింది మరో దారిలో: బీటా కణాల్లో ప్రత్యేకంగా పనిచేసే జీన్లను కంప్యూటర్ సాయంతో ఏరి, వాటిలోంచి పట్టుకున్నారు. 2016లో ఇంకో వింత తెలిసింది. ఇన్సులిన్ ముక్క, వేరే ప్రోటీన్ ముక్క కణంలోనే అతుక్కుని కొత్త పెప్టైడ్‌గా మారుతున్నాయట. అలాంటిది ఏ జీన్‌లోనూ రాసి ఉండదు, అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ లేనిదే దొరకదు. ప్రతిసారీ కొత్త పద్ధతి చేతిలో ఉన్నవాళ్లకే కొత్త యాంటిజెన్ (రోగనిరోధక వ్యవస్థ గురిపెట్టే పదార్థం) చిక్కింది.

కాబట్టి ఎమ్మెస్సీ ఇమ్యునాలజీలో గానీ బయోకెమిస్ట్రీలో గానీ చేయండి. టీ కణాలను పెంచడం, కణాలను ఒక్కొక్కటిగా లేజర్‌తో పరిశీలించే ఫ్లో సైటోమెట్రీ చేత్తో చేసి నేర్చుకోండి. పైథాన్ గానీ ఆర్ గానీ, ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష ఇప్పుడే మొదలుపెట్టండి, దీన్ని వాయిదా వేయకండి. పీహెచ్‌డీకి ల్యాబ్ ఎంచుకునేటప్పుడు మాత్రం ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: మనుషుల శాంపిల్స్ మీకు ఎక్కడి నుంచి వస్తాయి? బతికున్నవారి ప్యాంక్రియాస్ నుంచి ముక్క తీయడం ప్రమాదం. అందుకే అవయవదాతల కణజాలం మీద ఆధారపడాలి. అమెరికాలోని ఎన్‌పాడ్ లాంటి నెట్‌వర్క్‌లు ఉన్నది ఇందుకే. ఎలుకల్లో తేలినదల్లా మనిషికి వర్తించదు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. 2022లో అమెరికాలో అనుమతి పొందిన టెప్లిజుమాబ్ అనే మందు జబ్బు రాకను కొంతకాలం వాయిదా వేస్తుంది, కానీ అది ఒక్క యాంటిజెన్‌ను గురిపెట్టేది కాదు. ఇన్సులిన్, జీఏడీలతో రోగనిరోధక వ్యవస్థను శాంతపరచాలని చేసిన ట్రయల్స్ ఇప్పటిదాకా గట్టి ఫలితం ఇవ్వలేదు. అసలు దాడి ఏ ముక్కతో మొదలవుతుందో మనుషుల్లో ఇంకా తేలలేదు. మీలాంటివాళ్లకు చేయడానికి పని మిగిలి ఉందంటే అందుకే. కానీ తమ్ముడికి త్వరగా నయం చేయాలనే టెన్షన్‌తో ఇందులోకి వస్తే నలిగిపోతారు. పీహెచ్‌డీకే చాలా ఏళ్లు పడుతుంది, ఆ తర్వాత పోస్ట్‌డాక్. అంత ఓపిక లేదనిపిస్తే యాంటీబాడీ పరీక్షలు తయారుచేసే డయాగ్నస్టిక్స్ కంపెనీలు, క్లినికల్ ట్రయల్స్ ఉన్నాయి. అవీ ఈ జబ్బుకు పనికొచ్చే ఉద్యోగాలే.

ఇంకో విషయం, ఇది కెరీర్‌కు సంబంధించింది కాదు. రోగి తోబుట్టువులకు ఈ జబ్బు వచ్చే అవకాశం మిగతావారికంటే ఎక్కువ, అయినా చాలామందికి రాదు. తమ్ముడి డాక్టర్‌ను ఈసారి కలిసినప్పుడు మీకూ యాంటీబాడీ పరీక్ష అవసరమేమో అడగండి.